తెలుగు ప్రశ్నపత్రానికి రెండో ప్రతి ఎక్కడుంది?

కోయంబత్తూరు, మదురై ప్రాంతాల్లో తెలుగు పిల్లలు చదివే బడులకు కంప్యూటర్ ల్యాబ్ ఇప్పుడు కొత్త కాదు. ఇరవయ్యో ముప్ఫయ్యో కంప్యూటర్లు, వాటిని కలిపే ఒక స్విచ్, ఆఫీసు గదిలో ఒకటి, స్టాఫ్ రూములో ఒకటి. కొన్ని సంఘం పెద్దలు కొనిచ్చినవి, కొన్ని పూర్వ విద్యార్థులు ఇచ్చినవి. రిబ్బన్ కత్తిరిస్తాం, ఫొటో దిగుతాం, దాతల పేర్లు గోడమీద చెక్కిస్తాం. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దాన్ని ఏ కమిటీ సమావేశంలోనూ మేం వినలేదు. ఈ యంత్రాల్లో దాచుకున్నదానికి ఇంకో ప్రతి ఎక్కడ ఉంది?

ఇది కంప్యూటర్ టీచరు చూసుకునే సంగతి కదా, భాషాల్పసంఖ్యాకుల పేజీలో దీనికేం పని అని కొందరికి అనిపించవచ్చు. అక్కడే తేడా ఉంది. బడిలో గణితం ప్రశ్నపత్రం పోయిందనుకోండి, పక్క బడిని అడిగితే దొరుకుతుంది, అంగట్లో గైడు దొరుకుతుంది. తమిళానికీ ఇంగ్లీషుకీ అంతే. తెలుగు సంగతి అలా కాదు. మూడో తరగతి పిల్లలకు గుణింతాల అభ్యాసపత్రం కావాలంటే తెలుగు టీచరమ్మ తానే కూర్చుని తయారుచేసుకోవాలి. ఆంధ్ర, తెలంగాణల పుస్తకాలున్నా మన పిల్లల ఇంటి మాటకూ ఆ పుస్తకాల భాషకూ పొత్తు కుదరదు. ఇంట్లో ఆమె తెలుగు మాట్లాడుతుంది, బయట తమిళం, బడిలో ఇంగ్లీషు. ఆ బిడ్డకు తగినట్టు పదేళ్లుగా రాసుకుంటూ వచ్చిన పాఠాలు, బొమ్మల కార్డులు, పరీక్ష పేపర్లు అన్నీ ఒక కంప్యూటర్ డెస్క్‌టాప్ మీద ‘తెలుగు కొత్తది’, ‘తెలుగు కొత్తది 2’ అనే ఫోల్డర్లలో ఉంటాయి. హాజరు, మార్కులు, పిల్లల వివరాలు రాష్ట్ర ప్రభుత్వ ఈఎంఐఎస్‌లోకి ఎక్కుతాయి. వాటిని కాపాడుకునే పని ప్రభుత్వానిది. తెలుగు ఫోల్డరు అందులోకి ఎక్కదు. అది పోతే ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు.

రెండోది, ఆధారాల సంగతి. బడి మొత్తం మీద నలభైమంది గానీ, ఒక తరగతిలో పదిమంది గానీ పిల్లలుంటే ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు ఏర్పాటు చేయాలన్నది 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నాటి నుంచి వస్తున్న సూత్రం. 1956లో రాజ్యాంగంలో 350-ఎ అధికరణం చేరింది. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం వచ్చాక పదో తరగతిలో తమిళ పేపరు గురించి భాషాల్పసంఖ్యాకులు మళ్లీ మళ్లీ కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఊరట కూడా ఆ ఒక్క ఏడాదికే. ఇలాంటి పోరాటంలో మాటకన్నా కాగితానికి విలువ. ఏ ఏడు ఎంతమంది తెలుగు పిల్లలు చేరారు, ఎంతమంది తల్లిదండ్రులు తెలుగు కావాలని రాసిచ్చారు, టీచరు పోస్టు కోసం ఎప్పుడు ఏ కార్యాలయానికి వినతి వెళ్లింది, దానికి ఏం జవాబొచ్చింది అన్నవి చూపించగలగాలి. ఇవన్నీ స్కాన్ చేసి ఆఫీసు కంప్యూటర్లో పెట్టామని చాలామంది ధీమాగా చెబుతారు. కాగితం చెదలు తింటుంది కాబట్టి స్కాన్ చేశాం అంటారు. హార్డ్ డిస్క్ కూడా పోయేదేనని ఎవరూ అనుకోరు.

మూడోది మాకు అన్నిటికన్నా దగ్గరిది. మన తెలుగు చాలావరకు నోటి తెలుగు. విశ్వనాథ నాయకుడు 1529లో మదురై ఏలుబడికి వచ్చిన నాటి నుంచీ, అంతకుముందూ తర్వాతా వలస వచ్చిన కమ్మవారు, గవరలు, రాజకంబళం నాయకర్లు, అరుంధతీయులు, ఇంకా ఎన్నో కులాలవాళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే వచ్చారు. రాయడం మాత్రం చాలామందికి తమిళ లిపిలోనే. ఇప్పుడు పిల్లలు ప్రాజెక్టు పనిగా అవ్వల పాటలు, పెళ్లి పాటలు, పొలం పనుల మాటలు ఫోన్లో రికార్డు చేసి తెచ్చి ల్యాబ్ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నారు. మంచి పని. ఆ తర్వాత ఫోను మారుతుంది, లేదంటే మెమరీ నిండిందని చెరిపేస్తారు. ఇక మిగిలేది ల్యాబ్‌లోని ప్రతి ఒక్కటే. ఈలోగా పాడిన అవ్వ లేకుండా పోవచ్చు. ప్రశ్నపత్రమైతే మళ్లీ రాసుకోగలం. ఆ గొంతును మళ్లీ తేలేం.

మదురై నాయకుల కాలపు తెలుగు వచనం మనకు ఎలా మిగిలింది? విజయరంగ చొక్కనాథుని ఆస్థానంలో సముఖం వేంకటకృష్ణప్ప నాయకుడు రాసిన జైమిని భారత వచనం ఈనాటికీ ఉందంటే, తాటాకు శిథిలమయ్యేలోగా ఎవరో ఒకరు ఎత్తిరాసుకుంటూ వచ్చారు కనుకనే. ఎత్తిరాయని పుస్తకాలు పేర్లతో సహా పోయాయి. సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు సేకరించి, సరిచూయించి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ పని ఇప్పుడు రోజూ మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టినప్పుడు ఒక సాఫ్ట్‌వేరు చేసి పెడుతుంది. దాన్ని ఒక్కసారి అమర్చాలి, అంతే.

అమర్చే ముందు, బ్యాకప్ కానివాటిని బ్యాకప్ అనుకోవడం మానాలి. సి డ్రైవ్‌లో ఉన్నదాన్ని అదే యంత్రంలో డి డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. ఒకే డిస్కును రెండు ముక్కలుగా చూపిస్తున్నారంతే, డిస్కు పోతే రెండూ పోతాయి. టీచరు హ్యాండ్‌బ్యాగులో పెన్‌డ్రైవ్ ఉందంటారు. అది అంగడి ప్రింటర్‌కీ ఇంటికీ తిరిగి వైరస్ మోసుకొచ్చే వాహనం. గూగుల్ డ్రైవ్‌లో సింక్ అవుతోందంటారు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, కొద్దిరోజులు ట్రాష్‌లో ఉండి వెళ్లిపోతుంది. కొన్ని ల్యాబుల్లో పిల్లలు సెట్టింగులు చెడగొట్టకుండా, యంత్రాన్ని ఆపి వేయగానే పాత స్థితికి తెచ్చే సాఫ్ట్‌వేరు వేస్తారు. ఉద్దేశం మంచిదే, కానీ పిల్లవాడు ఆ రోజు టైపు చేసిన తెలుగు కథ కూడా దాంతోపాటే మాయమవుతుంది. అలాంటి యంత్రాల్లో పని దాచుకోవడానికి సర్వర్‌లో వేరే ఫోల్డరు చూపించాలి.

ఇక అసలు ఏర్పాటు. కొత్తగా ఏదీ కొనక్కర్లేదు. ఉన్నవాటిలో కాస్త మంచి యంత్రాన్ని ఒకదాన్ని పక్కకు తీసి, పెద్ద హార్డ్ డిస్క్ వేసి, తాళం వేసే గదిలో పెట్టి, దాన్ని బ్యాకప్ సర్వర్‌గా చేసుకోవాలి. దానికో యూపీఎస్ తప్పనిసరి. దానిమీద పాఠాలు చెప్పకూడదు, పిల్లలను కూర్చోబెట్టకూడదు. ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లలో మా సలహా అర్‌బ్యాకప్. సర్వర్ విండోస్ మీదా లినక్స్ మీదా నడుస్తుంది, ప్రతి కంప్యూటర్లో ఒక చిన్న క్లయింట్ వేస్తే చాలు. అన్నీ ఒకే స్విచ్ మీద ఉంటే సర్వర్ వాటిని దానంతటదే కనిపెడుతుంది. ఒకే పాఠం ఇరవై యంత్రాల్లో ఉంటే డిస్కులో ఒక్కసారే దాచుకుంటుంది. బ్యాకప్‌పీసీ అనే ఇంకొకటి కూడా నమ్మకమైనదే. దానికి ప్రత్యేకమైన క్లయింట్ అక్కర్లేదు గానీ, లినక్స్ కాస్త తెలిసినవాళ్లు కావాలి.

ఇక్కడ చిక్కులు వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ల్యాబ్ పెట్టినప్పుడు ఒక యంత్రంలో అన్నీ ఎక్కించి, దాని నకలునే మిగతా అన్నిటిలో పోసి ఉంటారు. దాంతో అన్నిటికీ ఒకే పేరు ఉండిపోతుంది. పేరుతో గుర్తుపట్టే బ్యాకప్ సర్వర్‌కు ఇరవై మంది ఒక్కరిలా కనిపిస్తారు. ముందు ప్రతిదానికీ వేరే పేరు పెట్టి, ఆ తర్వాతే క్లయింట్ వేయాలి. సర్వర్‌కు మారని ఐపీ చిరునామా ఇవ్వాలి. విండోస్‌లో నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’ అని వదిలేస్తే ఫైర్‌వాల్ అడ్డుకుంటుంది. దాన్ని ‘ప్రైవేట్’ చేయాలి. ఏ ఫోల్డర్లను ఎత్తుకోవాలో చెప్పేటప్పుడు ‘డాక్యుమెంట్స్’ ఒక్కటే చెబితే కుదరదు. మనవాళ్లు దాచేది డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డి డ్రైవ్‌లో ఎవరి పేరుమీద వాళ్లు పెట్టుకున్న ఫోల్డర్లలో. ఒక సాయంత్రం టీచర్లందరినీ కూర్చోబెట్టి, ఎవరు ఎక్కడ దాస్తారో అడిగి రాసుకోవాలి. మొత్తం పనిలో ఎక్కువ సమయం పట్టేది ఇదే. దీన్ని దాటేసి సాఫ్ట్‌వేరు వేస్తే, ఖాళీ ఫోల్డరును ఎంతో శ్రద్ధగా రోజూ కాపీ చేస్తుంది.

వేళ కూడా ముఖ్యం. కంపెనీల్లో బ్యాకప్ రాత్రి నడుస్తుంది. మన బడుల్లో సాయంత్రం వాచ్‌మన్ ల్యాబ్ మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. అందువల్ల రాత్రి రెండు గంటలకు షెడ్యూలు పెడితే ఏ రోజూ జరగదు. మధ్యాహ్న భోజన విరామమే మనకు తగిన వేళ. సరిపోతుందా? లెక్క వేద్దాం. పాత 100 ఎంబీపీఎస్ స్విచ్ మీద సెకనుకు సుమారు 10 మెగాబైట్లు వెళ్తాయి. ఇరవై యంత్రాల్లో ఒక్కోదాంట్లో 50 జీబీ చొప్పున అన్నీ ఎత్తాలంటే సుమారు 28 గంటలు పడుతుంది, అయ్యే పని కాదు. విండోసును, సినిమాలను వదిలేసి పని ఫైళ్లను మాత్రమే, ఒక్కోదాంట్లో 3 జీబీ చొప్పున తీసుకుంటే మొదటిసారి గంటా నలభై నిమిషాలు. దాన్ని ఏదో శనివారం చేసుకోవచ్చు. ఆ తర్వాత రోజూ మారినవి మాత్రమే వెళ్తాయి కాబట్టి భోజనం ముగిసేలోపు అయిపోతుంది. గిగాబిట్ స్విచ్ ఉంటే ఈ లెక్కే అక్కర్లేదు.

పాత ప్రతులను ఎన్నాళ్లు ఉంచాలన్నది ఇంకో సంగతి. నిన్నటి ప్రతి ఒక్కటే ఉంచితే చాలదు. మార్చిలో పాత పరీక్ష పేపరు మీదే కొత్తది రాసి సేవ్ చేస్తారు, ఆ పాతది కావాలని ఆగస్టులో గుర్తొస్తుంది. నెలకొకటి చొప్పున కనీసం ఏడాది, పరీక్షలు ముగిసిన ఏప్రిల్ నెలది మాత్రం శాశ్వతంగా ఉంచుకోవాలి.

సర్వరే వచ్చి క్లయింట్ల నుంచి ఫైళ్లను తీసుకెళ్లే పద్ధతినే మేం కోరడానికి కారణముంది. చాలాచోట్ల ఒక షేర్డ్ ఫోల్డరు తెరిచి, అందరూ అందులో కాపీ వేయండి అంటారు. అందరూ రాయగలిగే ఫోల్డరులో వైరస్ కూడా రాయగలదు. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. ఒక యంత్రంలో పడితే నెట్‌వర్క్ మీద పక్కదానికి దానంతటదే పాకే రకం అది. ఫైళ్లను తాళం వేసి డబ్బు అడిగే ఇలాంటి వైరస్‌లు షేర్డ్ ఫోల్డరును ముందుగా కబళిస్తాయి. విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. మన ల్యాబుల్లో ఉన్నవి ఎక్కువగా అవే.

సర్వర్ కూడా అదే భవనంలో ఉంది కదా, నిప్పంటుకుంటేనో, నీళ్లొస్తేనో, దొంగలు పడితేనో? ఇది బీదబడుల భయం మాత్రమే కాదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే 858 టెరాబైట్ల నిల్వ పోయింది. మరీ పెద్దది కాబట్టి వేరేచోట ప్రతి పెట్టలేదట. మనది టెరాబైటు కూడా ఉండదు. రెండు బయటి హార్డ్ డిస్కులు కొని, వారం వారం మార్చుకుంటూ ఒకటి బడిలో, ఒకటి కరస్పాండెంట్ ఇంటి బీరువాలో ఉంచితే చాలు. పత్తి సాగుచేసిన మన తాతలు విత్తనాలను తిండిగింజల గాదెలో కలపలేదు, వేరే కుండలో, వేరే అటక మీద పెట్టారు. బయటికెళ్లే డిస్కులో పిల్లల వివరాలుంటాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల సమాచారం విషయంలో గట్టిగా ఉంది. అందువల్ల వెరాక్రిప్ట్ వంటిదాంతో ఆ డిస్కుకు తాళం వేసి, పాస్‌వర్డును కాగితం మీద రాసి కవరులో పెట్టి హెచ్‌ఎం దగ్గర ఉంచాలి. పాస్‌వర్డు తెలిసిన ఒకే ఒక్క సారు బదిలీ అయిపోతే ఆ డిస్కు రాయితో సమానం.

ఇంతవరకు చెప్పింది ఏ బడికైనా వర్తిస్తుంది. తెలుగు బడికి మాత్రమే ఉన్న చిక్కు ఫాంటు. మన పాత ప్రశ్నపత్రాలు, బడి సంచికలు చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలోనో మరో పాత ఫాంట్లలోనో చేసినవి. ఆ ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. పదేళ్ల తర్వాత బ్యాకప్ నుంచి ఆ ఫైలును ఏ లోపమూ లేకుండా తిరిగి తెచ్చినా, ఆ ఫాంటు లేకపోతే తెర మీద కనిపించేవి పిచ్చిగీతలే. పేజ్‌మేకర్‌కు 7.0 తర్వాత కొత్త వెర్షన్ రానే లేదు. మన ఊళ్లలో తెలుగు డీటీపీ తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. సాఫ్ట్‌వేరు చేతనైనంత చేసింది, బ్యాకప్ ‘విజయవంతం’ అని ఆకుపచ్చ గుర్తు కూడా చూపించింది, కానీ చదవడానికి ఏమీ లేదు.

అందుకని పాత ఫైలు ప్రతిదానికీ పక్కనే ఒక పీడీఎఫ్ చేసి పెట్టాలి. కనీసం కంటితో చదవడానికి, మళ్లీ ముద్రించడానికి అది ఉంటుంది. ఫాంటుల ఇన్‌స్టాలరునూ లైసెన్సు వివరాలనూ కూడా బ్యాకప్‌లో చేర్చాలి. వీలైనవాటిని కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ వట్రసుడులూ సరిగ్గా వచ్చాయో లేదో టీచరు చూసి దిద్దాలి. కొత్తగా టైపు చేసేదంతా యూనికోడ్‌లోనే చేయాలి. అందంగా ఉండవన్న సాకు ఇప్పుడు చెల్లదు, సురవరం, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పాటల రికార్డింగులదీ ఇలాంటి కథే. ‘ఆడియో 0047’ అనే ఫైలు నూరేళ్లు భద్రంగా ఉన్నా ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ సందర్భంలో పాడే పాటో తెలియకపోతే సగం పోయినట్టే. పక్కనే నాలుగు ముక్కలు రాసిన చిన్న ఫైలు ఉండాలి.

చివరిగా, తిరిగి తెచ్చుకుని చూడటం. దీన్ని ఎవరూ చేయరు, పెద్ద కంపెనీలు కూడా. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసును చెరిపేశాడు. బ్యాకప్‌లు వెతికితే, రోజూ జరుగుతోందనుకున్నది చాలాకాలంగా విఫలమవుతోందని తేలింది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికోసం తీసిన ప్రతి ఒకటి ఉండబట్టి గట్టెక్కారు. సాఫ్ట్‌వేరు నిపుణుల కంపెనీలోనే అలా జరిగింది.

మన దగ్గర దీనికి ఒక మంచి రోజు ఉంది. ఆయుధపూజకు ముందు ల్యాబ్ అంతా దులిపి, కడిగి, మానిటర్లకు పసుపు కుంకుమ పెట్టి, సర్వర్‌కు దండ వేస్తాం. ఆ వారంలో ఒక మధ్యాహ్నం ఏదో ఒక కంప్యూటర్‌ను ఎంచుకుని, అందులోని తెలుగు ఫోల్డరును బ్యాకప్ నుంచి మరో యంత్రంలోకి తెచ్చి, నాలుగు ఫైళ్లు తెరిచి తెలుగు టీచరమ్మకు చూపించాలి. ఆమె చదవగలిగితే అయినట్టు. చదవలేకపోతే పూజ అయ్యాక చేయాల్సిన పని ఏమిటో తెలిసినట్టు. ఏడాదికి రెండోసారి పొంగల్ సెలవులకు ముందు చేస్తే ఇంకా మేలు.

దీనికి మనిషెవరు అని అడుగుతారు. కంప్యూటర్ టీచరుకు ఇప్పటికే ఈఎంఐఎస్ పనే తలకు మించి ఉంది, నిజమే. కోయంబత్తూరు ఐటీ కంపెనీల్లో పనిచేస్తున్న మన పిల్లలు ఎందరో ఉన్నారు. ఒక్క శని, ఆదివారాలు వస్తే అమరిక అయిపోతుంది. ఆపై వారానికి పావుగంట, ఏ యంత్రం బ్యాకప్ ఆగిందో తెర మీద చూసి నోటుపుస్తకంలో రాయడం. ఆ పనిని పేరుపెట్టి ఒకరికి అప్పగించి, టైమ్‌టేబుల్‌లో ఒక పీరియడు తగ్గించాలి. ఖాళీ ఉన్నప్పుడు చూడు అని వదిలేస్తే ఎవరూ చూడరు.

డబ్బు మాటకొస్తే, ఒక పెద్ద డిస్కు, రెండు బయటి డిస్కులు, ఒక యూపీఎస్. కొత్త కంప్యూటర్లు ఇస్తామని ముందుకొచ్చే సంఘాలను మేం కోరేదొక్కటే. ఇరవై యంత్రాలు ఇవ్వాలనుకుంటే పంతొమ్మిది ఇవ్వండి, ఇరవయ్యోదాని ఖర్చుతో ఇవి కొనండి. ఆ డిస్కుల మీద కూడా దాతల పేరు రాయించవచ్చు. వచ్చే జూన్‌లో బడి తెరిచేలోగా, కమిటీ మొదటి సమావేశంలో హెచ్‌ఎం గారిని లెక్కలు అడిగే ముందు తెలుగు ఫోల్డరు రెండో ప్రతి ఎక్కడుందో అడగండి.